ఐదో తారీఖు కిస్తీ, పద్నాలుగో తారీఖు జీతం: అప్పుల మీద అపోహలు - వాస్తవాలు

బ్యాంకులో నా సర్వీసులో సగం పైగా రికవరీలోనే గడిచింది. అప్పు కట్టనివాళ్ల ఇంటికి వెళ్లడమే నా ఉద్యోగం. రిటైరై భీమవరంలో స్థిరపడ్డాక అలాంటివాళ్లే మా వరండాకి వస్తున్నారు, అప్పు తీర్చే దారి చెప్పమని. 2025 ఆగస్టు చివర్లో అమెరికా రొయ్యలతో సహా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసినప్పటి నుంచి ఈ రాకపోకలు ఎక్కువయ్యాయి. చెరువుల రైతుల కన్నా రొయ్యల ప్లాంట్లలో, ఐస్ ఫ్యాక్టరీల్లో, మేత డీలర్ల దగ్గర నెలజీతానికి చేసేవాళ్లే ఎక్కువ వస్తున్నారు. ప్రైవేటు కాలేజీ లెక్చరర్లూ ఉన్నారు. జీతం అసలు రాదని కాదు, ఏ తారీఖుకి వస్తుందో, ఎంత వస్తుందో తెలియదు. అదీ టెన్షన్.

అపోహ: చేతిలో డబ్బు పడగానే అప్పుకి కట్టేయాలి.

జీతం ఒకటో తారీఖున ఠంచనుగా పడేవాడికి ఇది మంచి మాటే. మిగతావాళ్లకి కాదు. ఆకివీడు వైపు ప్లాంటులో పనిచేసే ఒక సూపర్‌వైజర్ సంగతి చెబుతాను. చీటీ పాడుకుంటే లక్షా అరవై వేలు వచ్చాయి. 13 శాతం వడ్డీ ఉన్న బ్యాంకు పర్సనల్ లోన్ మొత్తం ఒక్కసారే కట్టేసి, "దరిద్రం వదిలిందండీ" అంటూ నాకు పూతరేకుల ప్యాకెట్ ఇచ్చి వెళ్లాడు. రెండు నెలలు తిరగలేదు, షిఫ్టులు సగమయ్యాయి. ఇరవై ఆరు వేల జీతం పద్నాలుగు వేలకు దిగింది. పాప కాలేజీ ఫీజు నెత్తిమీదికి వచ్చింది. బ్యాంకుకి వెళ్తే జీతం స్లిప్పు చూసి కొత్త లోన్ కుదరదన్నారు. చివరికి మూడు రూపాయల వడ్డీకి 60,000 ప్రోనోటు రాశాడు. మూడు రూపాయలంటే ఏడాదికి 36 శాతం. పైగా పాడేసిన చీటీ కూడా అప్పే కదా, మిగిలిన వాయిదాలు కట్టాల్సిందే.

అదే 60,000 ఉంచుకుని మిగతాది లోన్‌కి కట్టి ఉంటే? లోన్ వడ్డీకీ సేవింగ్స్ వడ్డీకీ మధ్య తేడా ఏడాదికి పది శాతం అనుకుందాం. నెలకు 500 నష్టం. ఇప్పుడతను ప్రోనోటు మీద నెలకు 1,800 వడ్డీ కడుతున్నాడు. ఆ ఐదొందలు ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకోమంటాను నేను.

కాబట్టి ముందు మూడు నెలల బియ్యం, అద్దె, ఫీజులు, కిస్తీల డబ్బు పక్కన పెట్టాలి. అది కూడా ఈఎంఐ కట్ అయ్యే అకౌంట్లో కాదు, వేరే దాంట్లో. ఆ పైన మిగిలినదే అప్పుకి. ఐదు రూపాయల వడ్డీలు, రోజువారీ వసూళ్లు ఉంటే మాత్రం ఈ సూత్రం పక్కన పెట్టండి. ముందు వాటిని వదిలించుకోవాలి.

అపోహ: జీతం లేటవుతోందని బ్యాంకుకి చెబితే ఇంకా మీద పడతారు.

అవతలి పక్క కూర్చున్నవాడిగా చెబుతున్నా, మేం భయపడేది ఫోన్ ఎత్తనివాణ్ణి చూసి. ముందే వచ్చి కాగితం ఇచ్చినవాడి ఫైలు కట్టలో అడుక్కి వెళ్లేది. కిస్తీ ఐదో తారీఖు, జీతం పద్నాలుగో తారీఖు అయితే నెలనెలా బౌన్సే. అటు లోన్ ఇచ్చినవాళ్లూ ఇటు అకౌంట్ ఉన్న బ్యాంకూ చెరొక ఛార్జీ వేస్తారు. కిస్తీ తారీఖు మార్చమని, గడువు పెంచి ఈఎంఐ తగ్గించమని రాతపూర్వకంగా అడగండి. ఒప్పుకుంటారని గ్యారంటీ లేదు గానీ బాకీ 90 రోజులు దాటి ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండిబాకీ, అయ్యాక అడిగితే ఇంకా కష్టం. ఆలస్యానికి వేసే జరిమానాని అసలులో కలిపి దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన, 2024 ఏప్రిల్ నుంచి అమల్లో ఉంది. స్టేట్‌మెంట్ తీసి చూసుకోండి.

యజమాని సంగతికొస్తే, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం నెలజీతం మరుసటి నెల 7లోపు ఇవ్వాలి. ఉద్యోగం పోతుందేమోనని ఎవరూ అడగరు, నాకు తెలుసు. అయినా తెలిసి ఉండటం మంచిది.

అపోహ: ఊళ్లో రెండు రూపాయల వడ్డీ ధర్మవడ్డీ, బ్యాంకు తలనొప్పి ఎందుకు?

ఇక్కడ కాస్త ఆగాలి. రెండు రూపాయలంటే నెలకు నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. మా దగ్గర చాలామంది ఆ "రెండు"ని బ్యాంకు పదమూడుతో పోల్చి తక్కువనుకుంటారు. అసలు దెబ్బ మూడేళ్లకు నోటు తిరగరాసినప్పుడు తగులుతుంది. రెండు లక్షల నోటు మీద మూడేళ్లు వడ్డీ కట్టకపోతే 1,44,000 అవుతుంది. దాన్ని అసలులో కలిపి 3,44,000కి కొత్త నోటు రాస్తారు. నిన్నటిదాకా నెలవడ్డీ 4,000, ఇవాళ్టి నుంచి 6,880. చేతికి మాత్రం కొత్తగా ఒక్క రూపాయీ రాలేదు.

వడ్డీ కట్టిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించి ఫోన్లో ఫొటో తీసుకోండి. నగదు కంటే ఫోన్‌పే మేలు, కనీసం రికార్డు ఉంటుంది. అంతా తీరాక నోటు చేతికి తీసుకోండి. "మనవాళ్లే కదండీ" అని వదిలేసినవాళ్లు తర్వాత పడ్డ ఇబ్బంది చాలా చూశాను.

అపోహ: బంగారం తాకట్టు పెట్టడం నామోషీ.

నామోషీ పడి మూడు రూపాయల వడ్డీ కట్టడం నాకైతే అర్థం కాదు. బ్యాంకులో బంగారం మీద వడ్డీ 9, 10 శాతం చుట్టూ ఉంటుంది. ఖరీదైన నోటుని చవకైన గోల్డ్ లోన్‌తో తీర్చడం తెలివైన పనే, కాకపోతే ఆ నగ విడిపించే తారీఖు అదే రోజు కాగితం మీద రాసుకోవాలి. ఏటా వడ్డీ కట్టి తిరగరాయించడమే అలవాటైతే నగ ఎప్పటికీ ఇంటికి రాదు. లోన్ తీర్చిన రోజునే లేదా 7 పనిదినాల్లోపు నగ తిరిగివ్వాలి. లేటు వాళ్ల వల్లే జరిగితే రోజుకు 5,000 చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ కొత్త నిబంధన.

అపోహ: క్రెడిట్ కార్డుకి మినిమం కడుతుంటే చాలు.

60,000 బాకీకి నెలకు 3.5 శాతం వేసుకుంటే వడ్డీ 2,100, దాని మీద జీఎస్టీ 378. మీరు కట్టింది 3,000. అసలులో తగ్గింది 522. అంతే.

అపోహ: అప్పు కట్టకపోతే జైలే.

కట్టలేకపోవడం సివిల్ వ్యవహారం. కానీ సంతకం పెట్టిన ఖాళీ చెక్కు ఇచ్చారా, అది బౌన్సయితే 138 సెక్షన్ కింద రెండేళ్ల దాకా శిక్ష పడొచ్చు. ఈఎంఐ ఆటో డెబిట్ బౌన్సుకీ అలాంటి సెక్షనే ఉంది. ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకండి. బ్యాంకుల రికవరీ ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదు. చేస్తే ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నెలలో జవాబు రాకపోతే ఫిర్యాదులు వినే రిజర్వ్ బ్యాంక్ అధికారి, అంబుడ్స్‌మన్ ఉన్నారు, సమాచారానికి 14448.

అపోహ: ఇంట్లోవాళ్ల డ్వాక్రా కిస్తీ చివర్లో చూసుకోవచ్చు.

సంఘంలో ఒక్కరు ఆగినా గ్రూపు మొత్తానికి వచ్చే తర్వాతి లోన్ ఆగొచ్చు. ఆ మాట పడేది మీరు కాదు, వీధిలో మీ ఆవిడ.

ఇందాకటి సూపర్‌వైజర్ మొన్న వాళ్లావిణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. అతను అప్పుల లిస్టు ఒక తెల్లకాగితం మీద రాసుకొచ్చాడు, ఆరు పద్దులు. ఆవిడ సంచీలోంచి పాప పాత నోట్‌బుక్ తీసింది. అందులో ఎనిమిదున్నాయి. "ఆ రెండూ చేబదుళ్లండి, ఈయనకి చెప్పలేదు" అంది నెమ్మదిగా. అతను కాసేపు నోట్‌బుక్ వంకే చూసి, జేబులోంచి పెన్ను తీసి కాగితం కింద ఏడు, ఎనిమిది అని వేశాడు. లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం.