కంటిపాప లోపలికి ఒక ఫొటో: రెటీనా కెమెరా వెనక 170 ఏళ్ల కథ

టెక్కలి దగ్గర మా ఊరి నుంచి అమ్మను షుగర్ చెకప్‌కి తీసుకెళ్తే, డాక్టరు ఈసారి బీపీ, కాళ్లు చూసి వదల్లేదు. కంటి లోపల ఫొటో తీయించమన్నారు. "నాకు బాగానే అవుపిస్తంది గదరా, మళ్లీ ఈ పొటో ఏటి?" అంది అమ్మ.

అడగాల్సిన ప్రశ్నే. షుగర్ వల్ల రెటీనాలోని, అంటే కంటి వెనక వెలుగును పట్టే పొరలోని సన్నటి రక్తనాళాలు ఉబ్బుతున్నా, కారుతున్నా చాలాకాలం చూపులో తేడా తెలియదు. తెలిసేసరికి కొంత నష్టం జరిగిపోయి ఉంటుంది. అందుకే బాగా కనిపిస్తున్నప్పుడే లోపలికి తొంగి చూడాలి.

ఆ తొంగి చూడడమే కష్టం. కంటిపాప నల్లగా కనిపించేది లోపలికి వెలుగు పోక కాదు. పోయిన వెలుగు వచ్చిన దారినే వెనక్కి వస్తుంది. దాన్ని చూడాలని ఆ దారిలో తల పెడితే, వెళ్లే వెలుగుకి మన తలే అడ్డం. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ ఈ ముడి విప్పాడు. పక్కనున్న దీపం వెలుగును ఏటవాలు గాజుతో కంట్లోకి మళ్లించి, తిరిగొచ్చిన వెలుగును అదే గాజులోంచి చూశాడు. బతికున్న మనిషి రెటీనా అలా డాక్టర్ల కంటపడింది.

ఫొటో తీయడం వేరే సంగతి. 1886లో జాక్‌మన్, వెబ్‌స్టర్ అనే ఇద్దరు మనిషి తలకి కెమెరా కట్టి రెండున్నర నిమిషాల ఎక్స్‌పోజర్‌తో ఒక బొమ్మ తీశారు. రెండున్నర నిమిషాలు కన్ను కదపకుండా! ఆ బొమ్మలోనూ కంటి ముందు పొర మీది మెరుపే ఎక్కువ. రాత్రిపూట బస్సు అద్దానికి టార్చి వేసి బయటకి చూడబోతే మన వెలుగే మన కళ్లలో కొడుతుంది చూడండి, అలాంటిదే.

దానికి మందు స్వీడన్‌కు చెందిన గుల్‌స్ట్రాండ్ చెప్పాడు. కంటి ఆప్టిక్స్ మీద చేసిన పనికి 1911లో నోబెల్ అందుకున్న డాక్టరాయన. వెలుగు పాపలో ఒక భాగం గుండా లోపలికి పోవాలి, బొమ్మ ఇంకో భాగం గుండా బయటకి రావాలి, రెండూ కలవకూడదు అన్నాడు. ఆ సూత్రం మీదే నార్డెన్సన్ అనే మరో స్వీడన్ డాక్టరు, జర్మనీ లెన్సుల కంపెనీ జైస్ కలిసి చేసిన కెమెరా 1926లో మార్కెట్‌లోకి వచ్చింది. ఇప్పటి కెమెరాల్లో చేతిగాజులాంటి వెలుగు వలయం పాప అంచుల నుంచి లోపలికి పోతుంది, బొమ్మ నడిమధ్య నుంచి వస్తుంది.

అమ్మ కంట్లో చుక్కలు ఎందుకు వేశారో ఇది చదివాకే నాకు అర్థమైంది. రెండు దారులకీ చోటు చాలాలంటే పాప పెద్దది కావాలి. చుక్కలు మండాయని కాసేపు గొణిగింది. అరగంట తర్వాత గడ్డం ఆనించి కూర్చోబెట్టి, "రెప్ప కొట్టకండమ్మా" అన్నాడు కుర్రాడు. ఫ్లాష్ పడింది. స్క్రీన్ మీద నారింజ రంగు గుండ్రం, ఒక పక్కన లేత పసుపు బిళ్ల, దాన్నుంచి గెడ్డ పాయల్లా చీలిన నాళాలు. వాటి పక్కన సూదిమొనంత ఎర్ర చుక్కలు నాలుగైదు, నాళాలు ఉబ్బిన, కారిన గుర్తులు. రెండో కన్ను ఫొటో మాత్రం పొగమంచులా వచ్చింది. శుక్లం అడ్డమట. ఎంత మంచి లెన్సయినా దీనికేం చేయలేదు.

ఫిల్ము రోజుల్లో అయితే బొమ్మ పాడైందని కడిగాక గానీ తెలిసేది కాదు. 1969లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ కనిపెట్టిన సీసీడీ సెన్సర్‌తో, అంటే ఫిల్ము బదులు వెలుగును పట్టే చిప్‌తో కథ మారడం మొదలైంది. ఆ పనికి 2009లో నోబెల్ వచ్చింది. తర్వాత ఫోన్ల పుణ్యమా అని సెన్సర్లు చవకయ్యాయి. బెంగళూరులో ఫోరస్, రెమిడియో కంపెనీలు చిన్న కెమెరాలు చేశాయి, రెమిడియోది ఫోనుతోనే పనిచేస్తుంది. 2016లో గూగుల్ పరిశోధకులు సుమారు 1,28,000 ఫొటోలతో ఒక ప్రోగ్రాంకి షుగర్ జబ్బు గుర్తులు నేర్పారు. అందులో మన దేశపు కంటి ఆసుపత్రుల ఫొటోలూ ఉన్నాయి.

అయితే ఫొటో పైపైనే చూపిస్తుంది. రెటీనా పొరల మధ్య నీరు చేరిందా అన్నది తేల్చేది ఓసీటీ, పొరలను నిలువునా కోసినట్టు చూపించే స్కాన్. 1991లో అమెరికాలోని ఎంఐటీలో హువాంగ్, స్వాన్సన్, ఫుజిమోటో బృందం దాన్ని లోకానికి చూపించింది. అల్ట్రాసౌండ్‌లాంటిదే, శబ్దం బదులు వెలుగు. వెలుగు వేగానికి ప్రతిధ్వని టైము కొలవలేం కాబట్టి, తిరిగొచ్చిన వెలుగును, అదే వెలుగులోంచి ముందే విడదీసిన మరో పాయతో కలిపి, ఆ కలయికలోంచి లోతు లెక్కగడతారు. మిల్లీమీటరులో వందో వంతు తేడా కూడా పట్టేస్తుంది. ఈ ముగ్గురికీ 2023లో వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ అవార్డు ఇచ్చారు.

కెమెరా చిన్నదై మా దాకా వచ్చింది. ఓసీటీ, లేజర్, కంట్లో ఇంజెక్షన్ ఇంకా రాలేదు, మా వాళ్లకి ఇప్పటికీ విశాఖే దిక్కు. నా మట్టుకు నాకు లెన్సు కన్నా ఈ దూరమే పెద్ద అడ్డుగా కనిపిస్తోంది. అమ్మ చీటీ మీద కూడా "ఓసీటీ – విశాఖ" అనే రాశారు. ఎండకి కళ్లు తెరవలేక కొంగు కప్పుకుని బస్సెక్కుతూ, "రానూపోనూ ఇద్దరికీ చార్జీ ఎంతవుద్ది రా?" అని అడిగింది.