దిష్టి తగలలేదు, అమ్మోనియా తగిలింది: కొత్త అక్వేరియం అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఇళ్లకు అక్వేరియాలు అమర్చడం, ఆ తర్వాత వాటి బాగోగులు చూడడం నా పని. కొత్త ట్యాంకు పెట్టిన ఇంటి నుంచి మొదటి ఫోను తరచుగా రెండో వారంలోపే వస్తుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయని ఒకరు, తెల్లారేసరికి ఒకటి తేలిందని ఇంకొకరు. ఆ ఫోన్లలో నేను వినే మాటలే ఇవి.

అపోహ: "నల్ల చేప చచ్చిపోయిందన్నా. ఇంటికి తగలవలసిన దిష్టి అది తీసుకుంది."

వాస్తవం: ఎనిమిది బంగారు రంగు చేపలు, ఒక నల్ల చేప అనే లెక్క చైనా ఫెంగ్‌షుయి నుంచి వచ్చి మన వాస్తులో కలిసిపోయింది. ఎవరి నమ్మకం వారిది, దానితో నాకు పేచీ లేదు. తొమ్మిది గోల్డ్‌ఫిష్‌లను నిన్న నింపిన చిన్న ట్యాంకులో ఒకేసారి వదలడంతోనే పేచీ.

చేప తిన్న మేతలోని ప్రోటీన్ చివరకు అమ్మోనియాగా మారి, ఎక్కువ భాగం మొప్పల గుండానే నీటిలోకి వస్తుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా వచ్చేది అదే. పాత ట్యాంకులో కొన్ని సూక్ష్మజీవులు ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా, మరికొన్ని ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తూ ఉంటాయి. మొదటి రెండూ విషాలు. మూడోది బాగా పేరుకుపోతే తప్ప చేపను ఇబ్బంది పెట్టదు. కొత్త ట్యాంకులో ఈ పని చేసే బ్యాక్టీరియా లెక్కలోకి రానంత తక్కువ. అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తుంది. నైట్రైట్ రక్తంలోకి చేరి ఆక్సిజన్ మోసే శక్తిని పోగొడుతుంది. అప్పుడే చనిపోయిన చేప మొప్ప మూత ఎత్తి చూడండి: ఎర్రగా ఉండవలసిన చోట చాక్లెట్ రంగు కనిపిస్తే నైట్రైట్‌ను అనుమానించాలి.

మన వైపు ఇంకో చిక్కు ఉంది. తిరుపతిలోనూ చిత్తూరులోనూ చాలా ఇళ్లలో వాడేది బకెట్లకు తెల్లటి పొర కట్టే బోరు నీళ్లే. అలాంటి నీటి పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె) తరచుగా 7 దాటి 8 వైపు ఉంటుంది. 25 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉంటే మొత్తం అమ్మోనియాలో అసలు విషపు రూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే అది సుమారు 5 శాతం. కాబట్టి అంతే అమ్మోనియా ఉన్నా బోరు నీటిలో చేప ముందు పోతుంది.

అపోహ: "వారం నుంచి ఫిల్టర్ తిప్పుతున్నాం, నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఇక చేపలు వేయవచ్చు."

వాస్తవం: ఆ వారమంతా ట్యాంకులో బ్యాక్టీరియాకు తిండే లేదు. అమ్మోనియా లేని నీటిని నెల రోజులు తిప్పినా ఫలితం అంతే. అమ్మోనియా, నైట్రైట్ రెండూ కంటికి కనిపించవు, నీటి తేటదనం వాటి గురించి ఏమీ చెప్పదు.

చేపలను బలి పెట్టకుండా బ్యాక్టీరియాను పెంచడానికి నేను వాడేది అమ్మోనియం క్లోరైడ్. ఇత్తడి పాత్రలకు కళాయి పెట్టేవారు వాడే నవాసాగరం అదే. కానీ బజారు సరుకులో ఇంకేమి కలిసి ఉంటాయో తెలియదు కనుక ప్రయోగశాల రసాయనాలు అమ్మే చోట కొనాలి. పది గ్రాములు ఒక లీటరు నీటిలో కరిగించి సీసాలో పెట్టుకోండి, పిల్లలకు అందకుండా. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న ట్యాంకులో సుమారు 55 లీటర్లు పడతాయి. అందులో 35 మిల్లీలీటర్ల ద్రావణం పోస్తే అమ్మోనియా లీటరుకు 2 మిల్లీగ్రాములకు చేరుతుంది. అంతకు మించి వేస్తే పని త్వరగా కాదు, ఆగిపోయే ప్రమాదమే ఎక్కువ.

తర్వాత టెస్ట్ కిట్ కావాలి. చుక్కల మందుతో వచ్చేది కొనండి. గాజు గొట్టంలో గీత దాకా ట్యాంకు నీళ్లు తీసుకుని, చుక్కలు లెక్కపెట్టి వేసి, కిట్‌లో చెప్పినన్ని నిమిషాలు ఆగాలి. నేను వాడే కిట్‌లో నీళ్లు పసుపుగానే ఉంటే అమ్మోనియా లేనట్టు, ఆకుపచ్చకు తిరిగితే ఉన్నట్టు. మొదటి రోజుల్లో ఆకుపచ్చే వస్తుంది. కొన్నాళ్లకు అది పసుపుకు దిగుతుంది, సరిగ్గా అప్పుడే నైట్రైట్ ఎగబాకుతుంది. చాలామంది ఓపిక నశించేది ఇక్కడే. అమ్మోనియా పోయిందిగదా అని చేపలు తెస్తారు, నైట్రైట్ వాటిని తినేస్తుంది. మళ్లీ అదే మోతాదులో పోసిన అమ్మోనియా 24 గంటల్లో సున్నాకు రావాలి, నైట్రైట్ కూడా సున్నా ఉండాలి, నైట్రేట్ కనిపించాలి. మూడూ కుదిరాకే ట్యాంకు సిద్ధమైనట్టు. ఇందుకు మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. సంక్రాంతి ముందు చలిలో మొదలుపెడితే ఇంకొంచెం ఎక్కువ.

అపోహ: "పాత ట్యాంకు నీళ్లు రెండు బకెట్లు పోస్తే బ్యాక్టీరియా వచ్చేస్తుంది."

వాస్తవం: ఈ బ్యాక్టీరియా నీటిలో తేలుతూ తిరిగేది చాలా తక్కువ. స్పాంజికి, గులకరాళ్లకు, గాజుకు అంటుకుని సన్నని జిగురు పొరలా బతుకుతుంది. తేవలసింది నీళ్లు కాదు, ఆ ట్యాంకులోని పాత స్పాంజి. పాలకు తోడు పెట్టినట్టే అనుకోండి, ఒక తేడాతో: పెరుగు రాత్రికి రాత్రే తోడుకుంటుంది, ఈ బ్యాక్టీరియా మాత్రం రెట్టింపు కావడానికే ఇంచుమించు ఒక రోజు తీసుకుంటుంది. అందుకే వారాల లెక్క.

బైరాగిపట్టెడలోని స్నేహితుడి ట్యాంకు నుంచి కొర్లగుంటకు స్పాంజి తెచ్చుకుంటే, ఆ ట్యాంకు నీళ్లతోనే తడిపి, మూత ఉన్న డబ్బాలో, ఎండ తగలకుండా తెచ్చి వెంటనే మీ ఫిల్టర్‌లో పెట్టండి. పిండితే గోధుమ రంగు మడ్డి వచ్చి మట్టివాసన వేస్తే మంచి స్పాంజి. కుళ్లిన గుడ్ల వాసన వస్తే వద్దు. ఆ ట్యాంకులో తెల్లమచ్చల వంటి జబ్బు ఉంటే అదీ వెంట వస్తుంది కనుక ముందు చేపలను చూసి అడగండి.

అపోహ: "ఆదివారం ఆదివారం మొత్తం ఖాళీ చేసి, రాళ్లు, ఫిల్టర్ కుళాయి కింద కడుగుతాం. శుభ్రంగా ఉండాలి కదా."

వాస్తవం: ఇంత శ్రద్ధ ఉన్న ఇళ్లలోనే చేపలు ఎక్కువగా చావడం నేను చూస్తున్నాను. కల్యాణి డ్యాం నుంచో తెలుగుగంగ నుంచో వచ్చే కుళాయి నీటిని క్లోరిన్ కలిపే సరఫరా చేస్తారు. మన కడుపులోకి క్రిములు పోకుండా చేసే మందు స్పాంజిలోని బ్యాక్టీరియాను మాత్రం ఎందుకు వదులుతుంది? స్పాంజి మూసుకుపోయి నీటి ధార తగ్గినప్పుడు, ట్యాంకు నుంచి తీసిన నీళ్లను బకెట్‌లో పోసి, అందులోనే రెండు సార్లు పిండి తిరిగి పెట్టేయండి. కొత్తదానిలా తెల్లబడనవసరం లేదు. వారానికి పావు వంతు నీళ్లు మార్చితే చాలు. కుళాయి నీటికి యాంటీ క్లోరిన్ చుక్కలు వేయండి.

అపోహ: "రాత్రి ఫిల్టర్ ఆపేస్తే కరెంటు మిగులుతుంది, చేపలూ నిద్రపోతాయి."

వాస్తవం: 8 వాట్ల ఫిల్టర్ రోజంతా తిరిగినా నెలకు ఆరు యూనిట్లలోపే. రాత్రి ఎనిమిది గంటలు ఆపితే నెలకు రెండు యూనిట్లు కూడా మిగలవు. ఈ బ్యాక్టీరియాకు తిండి ఎంత ముఖ్యమో ఆక్సిజన్ అంత ముఖ్యం. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది: 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన కరుగుతుంది, 32 డిగ్రీలకు 7 చిల్లరే. మే నెలలో మన ఇళ్లలో ట్యాంకు నీళ్లు 32 దాటడం వింత కాదు. కరెంటు గంటల తరబడి పోతే, మూసి ఉన్న ఫిల్టర్ నుంచి స్పాంజి తీసి ట్యాంకులో వేసి, బ్యాటరీతో నడిచే గాలి పంపు పెట్టండి.

అపోహ: "ఆర్‌వో నీళ్లు పోశాం, టీడీఎస్ 40 చూపిస్తోంది. ఇంతకంటే మంచి నీళ్లు ఉండవు."

వాస్తవం: టీడీఎస్ మీటరు నీటిలో కరిగిన లవణాల మొత్తాన్నే చెబుతుంది, అమ్మోనియాను విడిగా చూపదు. పైగా అమ్మోనియాను మార్చే పనిలో ఆమ్లం పుడుతుంది, దాన్ని నీటిలోని బైకార్బనేట్లు అణచిపెడతాయి. ఆర్‌వో నీటిలో అవి దాదాపు ఉండవు కనుక పీహెచ్ జారిపోతుంది, అది 6 దగ్గరకు వస్తే బ్యాక్టీరియా పని ఇంచుమించు నిలిచిపోతుంది. మామూలు చేపలకు నేనైతే బోరు నీళ్లే పోస్తాను, మరీ గట్టివైతే సగం ఆర్‌వో కలుపుతాను.

అపోహ: "కొత్త ట్యాంకులో నీలం మందు వేస్తే జబ్బులు రావు."

వాస్తవం: అది మిథిలీన్ బ్లూ. జబ్బు చేసిన చేపను వేరే తొట్టిలో పెట్టి వాడవలసిన మందు. ట్యాంకులో వేస్తే కొత్తగా నిలదొక్కుకుంటున్న బ్యాక్టీరియా దెబ్బతింటుంది, తెల్ల సిలికాన్ అంచులు నీలంగా మిగిలిపోతాయి.

అపోహ: "సీసా బ్యాక్టీరియా పోస్తే అదే రోజు చేపలు వదలవచ్చు."

వాస్తవం: సీసాను బట్టి ఉంటుంది. నైట్రైట్‌ను మార్చేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు. 1998లో అమెరికాలో వెలువడిన పరిశోధన మంచినీటి అక్వేరియాల్లో ఆ పని చేస్తున్నవి నైట్రోస్పైరా జాతివని చూపింది. నైట్రోస్పైరాల్లో కొన్ని అమ్మోనియా నుంచి నైట్రేట్ దాకా ఒంటరిగానే చేయగలవని 2015లో తేలింది. ఇవేవీ విత్తనాల్లా ముడుచుకుని నిద్రపోగలిగినవి కావు, వేడి గోదాములో నెలల తరబడి ఉంటే చాలావరకు చస్తాయి. ఏళ్లు నిల్వ ఉంటుందని రాసిన సీసాల్లో ఎక్కువగా ఉండేవి బాసిల్లస్ రకాలు. అవి మడ్డిని తింటాయి, ఆ క్రమంలో అమ్మోనియాను విడుదల చేస్తాయి కూడా. మంచి సీసా వారాలను తగ్గించవచ్చు, టెస్ట్ కిట్ అవసరాన్ని తప్పించదు.

మొదటి వారంలో నీళ్లు పాలలా తెల్లబడితే కంగారుపడి మార్చవద్దు. అవి వేరే రకం బ్యాక్టీరియా, కొన్ని రోజుల్లో వాటంతట అవే తగ్గుతాయి.

ట్యాంకు సిద్ధమయ్యాక సగం పైగా నీళ్లు మార్చి, పేరుకున్న నైట్రేట్‌ను దించి, అప్పుడు చేపలు తెచ్చుకోండి. చెన్నై కొళత్తూరు నుంచి గంటల తరబడి సంచిలో వచ్చే చేపల చుట్టూ అప్పటికే అమ్మోనియా చేరి ఉంటుంది. సంచి మూతి విప్పగానే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి పీహెచ్ పెరుగుతుంది, దానితో అమ్మోనియా విషం కూడా. అందుకే సంచి విప్పాక గంటలు నాన్చకుండా చేపలను వలతో ట్యాంకులోకి మార్చి, సంచి నీళ్లు పారబోయండి. ముందు నాలుగు చేపలు చాలు. వారం తర్వాత పరీక్షలో రెండు సున్నాలు కనిపిస్తే ఇంకో నాలుగు తెచ్చుకోవచ్చు.