పాతబస్తీ మెట్రో: గీత గీశాక గడిచిన పదిహేనేళ్లు

హైదరాబాద్ మెట్రో తొలి దశ ప్రణాళిక ప్రకారం జూబ్లీ బస్‌స్టేషన్ నుంచి బయలుదేరే రెండో కారిడార్ ఫలక్‌నుమా దాకా వెళ్లాలి. 2020 ఫిబ్రవరి 7న ప్రారంభమైనప్పుడు అది మహాత్మాగాంధీ బస్‌స్టేషన్‌తోనే ఆగింది. పాతబస్తీలో సాగాల్సిన మిగతా 5.5 కిలోమీటర్లు కాగితం మీదే ఉండిపోయాయి. ఈ జాప్యం గురించి మాట్లాడేవారు సాధారణంగా ప్రయాణికుల నష్టమే చెబుతారు. ఆ దారికి ఇరువైపులా కాపురముంటున్నవారు, ముల్గీలు (చిన్న దుకాణాలు) నడుపుకొంటున్నవారు పడిన నష్టం వేరు, అది అంతకంటే ముందే మొదలైంది.

ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2008లో చేసిన మునిసిపల్ ట్రామ్‌వే చట్టం ఈ ప్రాజెక్టుకు ఆధారం. మొదట సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ బృందానికి దక్కిన కాంట్రాక్టు సత్యం కుంభకోణం దరిమిలా 2009లో రద్దయింది. 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టీతో ఒప్పందం కుదిరింది. మార్గం ఖరారు కాగానే సుల్తాన్‌బజార్ వ్యాపారులు ఆందోళనకు దిగారు. 2014లో కొత్త రాష్ట్ర ప్రభుత్వం అక్కడ దారి మారుస్తామన్నా, ఏళ్ల తర్జనభర్జన తర్వాత లైను సుల్తాన్‌బజార్ మీదుగానే వచ్చింది. పాతబస్తీలో ప్రార్థనా స్థలాలు, వారసత్వ కట్టడాలు దెబ్బతింటాయన్న అభ్యంతరాలతో పనే మొదలుకాలేదు. మార్గం మార్చాలని స్థానిక ప్రజాప్రతినిధులూ కోరారు. ఆ అభ్యంతరాలు న్యాయమైనవే, కానీ వాటిని తేల్చకుండా వదిలేయడం మాత్రం న్యాయం కాదు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఎతెబార్ చౌక్, హరిబౌలి, శాలిబండల మీదుగా గీసిన గీత చెరగనూ లేదు, పని జరగనూ లేదు. రేపో మాపో కూలుస్తారన్న ఇంటిపై ఎవరూ అంతస్తు వేయరు, పిల్ల పెళ్లికి అమ్ముదామన్నా సరైన బేరం రాదు.

2023లో మెట్రో అధికారులు ఈ దారిలో 103 మతపరమైన, ఇతర సున్నితమైన కట్టడాలను గుర్తించి, పిల్లర్ల స్థానాలు సర్దుబాటు చేసి వాటిని కాపాడతామన్నారు. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి ఫారూఖ్‌నగర్‌లో శంకుస్థాపన చేశారు. తర్వాత లైనును చాంద్రాయణగుట్ట దాకా 7.5 కిలోమీటర్లకు పొడిగించారు. రోడ్డును 100 అడుగులకు, స్టేషన్ల వద్ద 120 అడుగులకు విస్తరించడానికి సుమారు 1,100 ఆస్తులు సేకరించాల్సి వస్తుందని తేల్చి, గజానికి 81,000 రూపాయలు నిర్ణయించి, 2025 జనవరిలో చెక్కుల పంపిణీ, కూల్చివేతలు మొదలుపెట్టారు.

గజాల లెక్క యజమానికి సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. కిరాయిదారుడికి మాత్రం అది అసలు వర్తించదు. పాతబస్తీలో తరాలుగా పగిడీ (దుకాణం అద్దెకు తీసుకునేటప్పుడు యజమానికి ఒకేసారి ఇచ్చే పెద్ద మొత్తం) ఇచ్చి, నామమాత్రపు అద్దెకు ముల్గీ నడుపుకొంటున్న కుటుంబాలున్నాయి. దుకాణం ముందు భాగం పది అడుగులు పోయినా గల్లా పెట్టె, మెట్లు, బోర్డు అన్నీ పోతాయి, వెనక మిగిలిన గదిలో వ్యాపారం సాగదు. ప్రభావిత ప్రాంతంలో మూడేళ్లుగా పనిచేస్తూ ప్రధాన జీవనాధారం కోల్పోయే కౌలుదారులు, కిరాయిదారులు, చేతివృత్తులవారు కూడా బాధిత కుటుంబాలేనని 2013 భూసేకరణ చట్టం చెబుతోంది. అయితే చాలాచోట్ల పగిడీ నోటిమాట మీదే నడిచింది కాబట్టి, చూపించడానికి వారి దగ్గర రిజిస్టరైన కాగితం ఉండదు. వారి విషయంలో కరెంటు బిల్లునో, వ్యాపార లైసెన్సునో, ఇరుగుపొరుగు సాక్ష్యాన్నో రుజువుగా తీసుకుని, కూల్చివేతకు ముందే పేర్లు నమోదు చేయాలి.