హ్యాండ్స్‌ఫ్రీ పెట్టించాం, ఇక భయం లేదనుకునేవాళ్లకు: కొన్ని అపోహలు - వాస్తవాలు

కార్లకు హ్యాండ్స్‌ఫ్రీ కిట్లు, అంటే ఫోన్ చేత్తో పట్టుకోకుండానే మాట్లాడే ఏర్పాటు, బిగించడం, దానికి ఫోన్ పెయిర్ చేసి ఇవ్వడం, మైకు గొంతు పట్టడం లేదని వస్తే చూడటం నా పని. పని ముగించి తాళాలు చేతికిస్తుంటే చాలామంది అనే మాట ఒకటే: "హమ్మయ్య, ఇక దారిలో ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు." మొన్న ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, ఇకమీదట ఆఫీసు మీటింగులన్నీ కారులోనే అన్నాడు. డబ్బులు పుచ్చుకుని ఊరుకోవాల్సింది, ఊరుకోలేకపోయాను. ఆయనకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. ఆయన సగం కూడా విన్నట్టు లేదు.

అపోహ: చేతులు స్టీరింగ్ మీద, కళ్లు రోడ్డు మీద ఉంటే చాలు, ఎంత మాట్లాడినా ఫర్వాలేదు.

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటీ ఒక ఎత్తు.

వాస్తవం: ఫోన్ చేయడంలో రెండు పనులున్నాయి. నంబరు కలపడం ఒకటి, మాట్లాడటం ఇంకొకటి. హ్యాండ్స్‌ఫ్రీ బాగుచేసేది మొదటిదాన్నే.

ఆ మొదటిది చిన్న విషయమేమీ కాదు. అమెరికాలో వర్జీనియా టెక్ పరిశోధకులు 100 కార్లలో కెమెరాలు పెట్టి, ఎవరి పనుల మీద వాళ్లు తిరిగే డ్రైవర్లను గమనించారు. ఫలితాలు 2006లో వచ్చాయి. చేతిలో ఫోన్ పట్టుకుని నంబరు నొక్కేటప్పుడు ప్రమాదం జరగడమో, త్రుటిలో తప్పడమో మామూలుకంటే దాదాపు మూడింతలుగా కనిపించింది. చూపు రెండు సెకన్లకు మించి రోడ్డు మీద లేకపోతే ముప్పు రెట్టింపు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లంటే 50 మీటర్లు. అంత దూరం కళ్లకు గంతలు కట్టుకుని నడిపినట్టే. అందుకే స్టీరింగ్ మీద బటన్ నొక్కి, పేరు చెబితే కాల్ కలిసే ఏర్పాటు మంచిదేనంటాను. మంచిది కాదనుకుంటే ఈ పని ఎప్పుడో మానేసేవాణ్ని.

రెండో పని సంగతి వేరు. మాట్లాడటం చేతులతో చేసే పని కాదు, కళ్లతో చేసే పనీ కాదు. అందుకని దాన్ని ఏ కిట్టూ తేలిక చేయలేదు. అమెరికాలోనే యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ అనే పరిశోధకుడి బృందం 2003లో ఒక ప్రయోగం బయటపెట్టింది. మనుషులను సిమ్యులేటర్‌లో, అంటే తెర మీద రోడ్డు చూస్తూ ఉత్తుత్తి కారు నడిపే యంత్రంలో, కూర్చోబెట్టి, వాళ్ల చూపు ఎక్కడ పడుతోందో యంత్రంతో కొలిచారు. హ్యాండ్స్‌ఫ్రీలో మాట్లాడుతున్నవాళ్ల చూపు దారి పక్క బోర్డుల మీద పడింది, అందులో లోటు లేదు. తర్వాత ఆ బోర్డులే చూపించి అడిగితే మాత్రం, మాట్లాడకుండా నడిపినప్పటికంటే బాగా తక్కువ గుర్తుపట్టారు. కన్ను చూసింది, మనసు చూడలేదు.

2008లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇంకా చిత్రమైనది చేశారు. మెదడు స్కానర్‌లో పడుకున్నవాళ్లతో కంప్యూటర్ బొమ్మ రోడ్డు మీద కారు నడిపిస్తూ, చెవిలో వాక్యాలు వినిపించి, నిజమా అబద్ధమా చెప్పమన్నారు. ఫోన్ లేదు, జవాబుగా నోరు తెరవాల్సిన పనీ లేదు. వింటుంటేనే, డ్రైవింగ్‌కు పనికొచ్చే ఒక మెదడు భాగంలో చురుకుదనం 37 శాతం పడిపోయింది.

చదువుకున్న కస్టమర్లు కొందరు నాతో వాదిస్తారు, "మాట్లాడటం వల్ల రిస్క్ పెరగలేదని చెప్పే అధ్యయనాలు కూడా ఉన్నాయి కదా" అని. ఉన్నాయి. కెమెరాలు పెట్టి గమనించిన అధ్యయనాల్లో కొన్నిటిలో నంబరు నొక్కడం, ఫోన్ కోసం తడుముకోవడం ప్రమాదమని తేలింది గానీ, ఒట్టి మాటల వల్ల పెద్ద తేడా కనపడలేదు. కొందరు కాల్ రాగానే వేగం తగ్గిస్తారు, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడే మాట్లాడతారు, ఆ జాగ్రత్తే వాళ్లను కాస్తోందని నా నమ్మకం. మరోవైపు 1997లో టొరంటోలో, ప్రమాదాలు జరిగిన కార్ల డ్రైవర్ల ఫోన్ బిల్లులు తీసి చూస్తే, ఫోన్ వాడుతున్నప్పుడు ముప్పు నాలుగింతలుంది. హ్యాండ్స్‌ఫ్రీ వాడినవాళ్లకు మేలు జరిగిన దాఖలా దొరకలేదు. రెండు రకాల ఫలితాలున్నప్పుడు, ప్రాణం మీదికి తెచ్చేదాన్ని ముందు నమ్మడం మంచిది.

ఇదంతా చదివి నేర్చుకున్న పరిజ్ఞానం అనుకోకండి. పనిలో చేరిన కొత్తలో, కిట్ బిగించాక కస్టమర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, కారు నడుపుతూ డెమో చూపించేవాణ్ని. ఒకసారి అలాగే బటన్ నొక్కి ఒక పేరు చెప్పాను. అది ఇంకో పేరు పలికింది. కాదన్నాను. మళ్లీ చెప్పాను. మళ్లీ తప్పే. మూడోసారి గొంతు పెంచాను, యంత్రానికి చెవుడన్నట్టు. పక్కనున్నాయన రెండు చేతులూ డ్యాష్‌బోర్డు మీద పెట్టి "బ్రేక్!" అని అరిచాడు. ముందు కారు ఎర్ర లైట్లు అప్పటికే వెలుగుతున్నాయి. నేను నేరుగా వాటివైపే చూస్తున్నాను. ఆగేసరికి రెండు బంపర్ల మధ్య జానెడు మిగిలింది. కాసేపు ఎవరం మాట్లాడలేదు. తర్వాత ఆయన చాలా మర్యాదగా, "ఇది తీసేస్తే డబ్బులు వెనక్కిస్తారా?" అనడిగాడు. అప్పటినుంచి డెమో ఆగి ఉన్న కారులోనే.

"పక్క సీట్లోవాళ్లతో మాట్లాడటం లేదా, ఇదీ అంతేగా" అంటారు. ఆ రోజు అరిచింది పక్క సీట్లో మనిషే. ఫోన్‌లో ఉన్నవాడైతే "చెప్పు, వింటున్నావా?" అనేవాడు. పక్కనున్నవాళ్లకు మలుపు కనిపిస్తుంది, అడ్డొచ్చిన పిల్లాడు కనిపిస్తాడు, మాట దానంతటదే ఆగుతుంది. స్ట్రేయర్ బృందం దీన్నీ 2008లో పరీక్షించింది. సిమ్యులేటర్‌లో హైవే దిగి ఒక చోట ఆగమన్నారు. పక్కనున్న స్నేహితుడితో కబుర్లాడినవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా దిగారు. ఫోన్‌లో కబుర్లాడినవాళ్లలో సగం మంది దాటిపోయారు.

ఇక వాయిస్ డయలింగ్ గురించి. పేరు చెప్పడం క్షణం పని, అది వింటే. వినకపోతే దానితో పోట్లాటే ఒక పెద్ద పని. యూటా బృందమే 2015లో, వాయిస్ ఆదేశాలతో తంటాలు పడ్డాక మనసు పూర్తిగా రోడ్డు మీదికి రావడానికి కొన్ని వ్యవస్థల్లో 27 సెకన్ల దాకా పడుతోందని కొలిచింది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అది 300 మీటర్లు. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే కదా ఫోన్ చూశాం అనేవాళ్లకు కూడా ఇదే జవాబు. పచ్చ లైటు పడగానే కారు కదులుతుంది, బుర్ర ఇంకా మెసేజ్ దగ్గరే ఉంటుంది.

వినకపోవడానికి చాలాసార్లు కారణం మన కాంటాక్టులే. రవి, రవి ఆఫీస్, రవి కొత్త నంబర్, రవి2 అని పెట్టుకుంటే అది మాత్రం ఏం చేస్తుంది? తరచూ చేసే ఐదారుగురికి ఒకదానితో ఒకటి కలవని, కాస్త పొడుగు పేర్లు పెట్టండి. ఒక్క అక్షరం పేర్లు, పొడి అక్షరాలు దానికి సరిగ్గా అందవు. ఏసీ గాలి నేరుగా మైకుకు కొట్టకుండా చూసుకోండి. చాలా కార్లలో బటన్ ఒకసారి నొక్కితే కారు సొంత వ్యవస్థ, నొక్కి పట్టుకుంటే ఫోన్‌లోని అసిస్టెంట్ పలుకుతాయి. రెండూ ప్రయత్నించి, బాగా వినేదాన్ని వాడండి, కారు ఆపి ఉన్నప్పుడు. ఒకసారి చెప్పారు, తప్పు విన్నది, ఇక వదిలేయండి. రెండోసారి వద్దు.

చిన్నా చితకా అపోహలు గబగబా చెప్పేస్తాను. స్పీకర్ ఆన్ చేసి ఫోన్ ఒళ్లో పెట్టుకోవడం హ్యాండ్స్‌ఫ్రీ కాదు, జారిపడిన ఫోన్ బ్రేక్ పెడల్ కిందికి వెళ్తే తెలుస్తుంది. రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్లు పెడితే అంబులెన్స్ సైరన్ కూడా వినపడదు. బ్లూటూత్ వల్ల మెదడు పాడవుతుందని ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఒక దండం. చెవికి ఆనించుకునే ఫోన్‌కంటే దాని సిగ్నల్ చాలా బలహీనం. "నాకు రెండు పనులూ ఒకేసారి అలవాటే" అనేవాళ్లకు: 2010లో 200 మందిని పరీక్షిస్తే నిజంగా అలా చేయగలిగినవాళ్లు 2.5 శాతం, అంటే ఐదుగురు. ఆ ఐదుగురూ నా దగ్గరికే వస్తున్నట్టున్నారు. చట్టం ఒప్పుకుంది కదా అనేది ఇంకోటి. బ్రిటన్‌లో 2003 నుంచి చేతిలో ఫోన్ పట్టుకోవడం నేరం, హ్యాండ్స్‌ఫ్రీ కాదు. అయినా ధ్యాస తప్పి నడిపితే హ్యాండ్స్‌ఫ్రీ వాడినా కేసు పెట్టొచ్చు. చెవి దగ్గర ఫోన్‌ను పోలీసు చూడగలడు, తలలో ఆలోచనను చూడలేడు, అంతే తేడా.

వీళ్లందరి మీదా విసుక్కుంటాను గానీ, ఒక రకం కస్టమర్లను ఏమీ అనలేను. పోయిన నెల ఒకావిడ వచ్చింది. తండ్రి ఆసుపత్రిలో ఉన్నారు, రోజూ గంటసేపు డ్రైవింగ్, ఆ గంటలో ఫోన్ వస్తే ఎలా అని టెన్షన్. అందుకే ప్రతి కాల్‌కూ, ప్రతి మెసేజ్‌కూ ఉలిక్కిపడి చూస్తోంది. ఆవిడకు నేను ముందు చేసింది కిట్ బిగించడం కాదు. ఫోన్‌లో కాల్స్, మెసేజ్‌లు మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్ పెట్టి, తమ్ముడి నంబరు ఒక్కదానికే అనుమతి ఇచ్చాను. వేరే ఎవరైనా నిజంగా అవసరమై వెంటనే రెండోసారి చేస్తే మోగేలా, మళ్లీ మళ్లీ వచ్చే కాల్స్ అనే సెట్టింగ్ ఆన్ చేశాను. ఐఫోన్‌లో అయితే మూడు నిమిషాల్లోపు, ఆండ్రాయిడ్‌లో పదిహేను నిమిషాల్లోపు అదే నంబరు నుంచి వచ్చే రెండో కాల్ మోగుతుంది. మోగితే బటన్ నొక్కి, "కారు పక్కకు ఆపి చేస్తాను" అని పెట్టేయమన్నాను.

"నిజంగా మోగుతుందా?" అని నాలుగుసార్లు అడిగింది. నా ఫోన్ నుంచి ఆవిడకు చేశాను. మోగలేదు. పెట్టేసి మళ్లీ చేశాను. రెండోసారి మోగింది. ఇంకోసారి చేసి చూపించమంది. చేసి చూపించాను.