పది మార్కుల ప్రశ్నగా మిగిలిన కేస్ స్టడీ

అనంతపురం జేఎన్‌టీయూ పరిధిలో ఎంబీఏ పరీక్ష రాసినవారికి ప్రశ్నపత్రం చివరి భాగం బాగా పరిచయం. వ్యాస ప్రశ్నలు ముగిశాక తప్పనిసరిగా రాయవలసిన కేస్ స్టడీ ఒకటి వస్తుంది. దానికి 10 మార్కులు. ఒక కంపెనీ గురించి చిన్న పేరా, దాని కింద రెండు మూడు ప్రశ్నలు ఉంటాయి. విద్యార్థి ఆ పేరాను పరీక్ష గదిలోనే మొదటిసారి చదివి, పాఠ్యపుస్తకంలోని నిర్వచనాలనే జవాబుగా అప్పగిస్తాడు. మార్కెటింగ్, నాయకత్వం, ఫైనాన్స్ నేర్పడానికి నూరేళ్లకు పైగా వాడుకలో ఉన్న బోధనా పద్ధతి మన జిల్లాలకు చేరేసరికి ఇంతగా ఎందుకు కుదించుకుపోయిందో తెలియాలంటే, అది నడిచివచ్చిన దారిని చూడాలి.

ఈ పద్ధతికి పుట్టిల్లు న్యాయ కళాశాల. 1870లో హార్వర్డ్ న్యాయ కళాశాలకు డీన్ అయిన క్రిస్టఫర్ కొలంబస్ లాంగ్‌డెల్, సూత్రాలను ఉపన్యాసంగా చెప్పడం మాని, కోర్టు తీర్పులనే విద్యార్థుల చేత చదివించి, ప్రశ్న మీద ప్రశ్న వేస్తూ ఆ సూత్రాలను వారి నోటనే రాబట్టారు. 1908లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ ప్రారంభమైనప్పుడు తొలి డీన్ ఎడ్విన్ గే కూడా అటువంటి బోధననే కోరుకున్నారు. అయితే న్యాయశాస్త్రానికి తీర్పుల సంపుటాలు ఉన్నట్టు వ్యాపారానికి ఏమీ లేవు. అందుకే 1911లో ఆర్చ్ షా బోధించిన కోర్సులో వ్యాపారులనే తరగతికి రప్పించారు. వారు తమ సంస్థలో ఎదురైన చిక్కును వివరించేవారు, విద్యార్థులు దానికి పరిష్కారం రాసి తెచ్చేవారు, ఆ తర్వాత అందరూ కలిసి చర్చించేవారు. 1919లో డీన్‌గా వచ్చిన వాలెస్ డోనమ్ న్యాయశాస్త్రం చదివి, బ్యాంకులో పనిచేసిన మనిషి. ఆయన ప్రోత్సాహంతో మెల్విన్ కోప్‌లాండ్ 1920లో మార్కెటింగ్ సమస్యల సంకలనాన్ని వెలువరించారు. 1921లో వచ్చిన జనరల్ షూ కంపెనీ కేసు చాలా చిన్నది. కార్మికులు వేళ కాకముందే పని ఎందుకు ఆపేస్తున్నారన్నదే అందులోని ప్రశ్న.

కేసుకు ప్రాణం దాని అసంపూర్ణతలో ఉంది. లెక్కలు, మనుషులు, ఒత్తిళ్లు అన్నీ కళ్ల ముందుంచి, నిర్ణయం తీసుకోవలసిన ఘడియ దగ్గర రచయిత ఆపేస్తాడు. విద్యార్థి దాన్ని ముందు రోజే చదివి, నలుగురితో కూర్చుని లెక్కలు వేసి, మర్నాడు తరగతిలో తన నిర్ణయాన్ని సమర్థించుకోవాలి. ఇంకొకరు దాన్ని ఖండిస్తారు. బోధకుడు తన తీర్పు చెప్పకుండా వాదాన్ని నడిపిస్తాడు. ముందుగా చదవడం, ఎదుటివారితో వాదించడం అనే ఈ రెంటినీ తీసివేస్తే మిగిలేది పఠనావగాహన పరీక్ష మాత్రమే, నా దృష్టిలో మన ప్రశ్నపత్రాల్లో జరిగిన నష్టం ఇదే.

భారతదేశానికి ఈ పద్ధతి గట్టిగా వచ్చింది 1961లో, అహ్మదాబాద్ ఐఐఎంతో. విక్రమ్ సారాభాయ్ చొరవతో, ఫోర్డ్ ఫౌండేషన్ సాయంతో, హార్వర్డ్ సహకారంతో ఆ సంస్థ ఏర్పడింది. అక్కడి అధ్యాపకులు అమెరికా కేసులతో సరిపెట్టుకోక, మన మిల్లులకు, బ్యాంకులకు, పాడి సహకార సంఘాలకు వెళ్లి కేసులు రాశారు. ఆ తర్వాతి దశలో హైదరాబాద్‌లోని ఇక్ఫాయ్ సంస్థలు పత్రికల్లో, వార్షిక నివేదికల్లో వచ్చిన సమాచారం ఆధారంగా పెద్ద సంఖ్యలో కేసులు తయారుచేశాయి. 2009 జనవరి 7న సత్యం కంపెనీ అధిపతి రామలింగరాజు లెక్కలు తారుమారు చేసినట్టు ఒప్పుకున్న లేఖ బయటపడ్డాక, కార్పొరేట్ పాలన బోధించే ప్రతి తరగతికీ ఒక తెలుగు నేల కేసు దొరికింది.

రాయలసీమకు ఉన్నత విద్యాసంస్థలు ఒక్కొక్కటిగా వచ్చాయి. శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం 1981లో, యోగి వేమన 2006లో, కర్నూలులోని రాయలసీమ విశ్వవిద్యాలయం, అనంతపురం జేఎన్‌టీయూ 2008లో ఏర్పడ్డాయి. ఎంబీఏ మాత్రం ఎక్కువగా అనుబంధ కళాశాలల ద్వారా విస్తరించింది. అక్కడ పాఠం చెప్పేవారు ఒకరు, ప్రశ్నపత్రం రాసేవారు ఇంకొకరు, దిద్దేవారు మరొకరు. ఈ ఏర్పాటులో తరగతి చర్చకు మార్కులు వేయడం కష్టం, ముందుగా కేసు ఇచ్చి చదివించడం ఇంకా కష్టం. పైగా కేసులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. తెలుగులో చురుగ్గా వాదించగల పిల్లలు కూడా తరగతిలో నోరు మెదపరు.

నన్ను ఎక్కువగా బాధించేది, మన చుట్టూ ఉన్న సరుకు రాయబడకుండా ఉండిపోవడం. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకానికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాలను ఎంచుకుంది. కర్నూలు పక్కనే ఉన్న ఓర్వకల్లులో పొదుపు సంఘాల మహిళలు మండల స్థాయి సమాఖ్యను నిలబెట్టారు. చదువు అంతగా లేని మహిళ వందల సంఘాల అప్పుల వసూలుకు బాధ్యత వహించినప్పుడు, కట్టలేని సభ్యురాలి విషయంలో ఏ నిర్ణయం తీసుకోవాలన్నది నాయకత్వానికీ ఫైనాన్స్‌కూ కలిపి సరిపోయే కేసు. 2010 అక్టోబరులో, పేదలకు చిన్న అప్పులిచ్చే సూక్ష్మరుణ సంస్థలపై రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్సును ఓర్వకల్లు అనుభవంతో పోల్చి చదివితే, పొదుపు మీద పెరిగిన అప్పుకూ బయటి పెట్టుబడితో పెరిగిన అప్పుకూ తేడా విద్యార్థికి లెక్కల్లోనే కనబడుతుంది.

అనంతపురం వేరుశనగ ఇంకొకటి. 1940లో విడుదలైన టీఎంవీ-2 రకాన్ని ఇక్కడి రైతులు దశాబ్దాల పాటు వదలలేదు. కదిరి పరిశోధన కేంద్రం నుంచి కె-6 అనే కొత్త రకం వచ్చాక చాలామంది మారారు. కొత్త వస్తువును జనం ఎప్పుడు స్వీకరిస్తారన్న మార్కెటింగ్ ప్రశ్నకు, వానను నమ్ముకున్న రైతు విత్తనం విషయంలో చూపే జాగ్రత్త కంటే మంచి ఉదాహరణ నాకు తోచదు. ధర్మవరం పట్టుచీరకు భౌగోళిక గుర్తింపు ఉన్నా, మరమగ్గం చీర పక్కన చేనేత చీరను అదే అంగడిలో ఏ ధరకు అమ్మాలన్నది షావుకారుకూ నేతగానికీ తేలని లెక్క. ఆదోని పత్తి, కడప నల్లరాయి, ప్రొద్దుటూరు బంగారు వ్యాపారం దేనికదే ఒక సెమిస్టరు పాఠం.

ఇవి రాయడానికి వ్యాపారి తన ఖాతా పుస్తకం తెరవాలి, అదే పెద్ద అడ్డంకి. పేరు మార్చి, అంకెలను ఒకే నిష్పత్తిలో సవరించి, ప్రచురణకు ముందు యజమాని లిఖితపూర్వక అనుమతి తీసుకునే ఆనవాయితీ కేసు రచనలో ఉన్నది ఈ భయం కోసమే. రెండో అడ్డంకి అధ్యాపకుల వైపు ఉంది. నెలల తరబడి తిరిగి రాసిన కేసుకు పరిశోధన పత్రానికి దక్కే గుర్తింపు దక్కదు. విశ్వవిద్యాలయాలు కేసునూ, దాన్ని తరగతిలో ఎలా నడపాలో బోధకుడికి చెప్పే బోధనా సూచికనూ కలిపి ఒక పరిశోధన పత్రంతో సమానంగా లెక్కించి, ఆ 10 మార్కులను రాత పరీక్ష నుంచి తరగతి చర్చకు మార్చితే, ధర్మవరం మగ్గం దగ్గరికి నోటు పుస్తకంతో వెళ్లే అధ్యాపకులు తప్పక దొరుకుతారు.