ముద్ద దిగుతుంది, ఉమ్మే దిగదు

"అన్నం తింటే దిగుతోంది, నీళ్లు తాగితే దిగుతున్నాయి. ఊరికే కూర్చుని గుటక వేస్తే మాత్రం ఏదో అడ్డం పడ్డట్టుంది. గొంతులోకి కెమెరా గొట్టం పెట్టి స్కోపీ చేసి ఏమీ లేదన్నారు. ఏమీ లేకపోతే మరి ఇదేమిటి?" అని ఒక పాఠకురాలు అడిగారు. దగ్గరి బంధువుకు గొంతు క్యాన్సర్ అని తెలిసినప్పటి నుంచి ఇది మొదలైందట. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో లక్షణాలు వెతుక్కోవడం, అద్దం ముందు టార్చి వేసి నోరు తెరిచి చూసుకోవడం, మాటిమాటికీ గుటక వేసి పరీక్షించుకోవడం రోజువారీ పనైపోయిందన్నారు.

సగం జవాబు ఆమె ప్రశ్నలోనే ఉంది. తింటే దిగుతోంది కదా! గొంతులో నిజంగా అడ్డంకి పెరుగుతుంటే ముందు గట్టి పదార్థాలు దిగవు, తర్వాత మెత్తనివి, చివరికి నీళ్లూ కష్టమవుతాయి. అలా జరుగుతున్నా, గుటకతో నొప్పి వస్తున్నా, బరువు తగ్గుతున్నా, గొంతు వారాల తరబడి బొంగురుగా ఉన్నా, మెడలో గడ్డ తగిలినా, ఉమ్మిలో రక్తం కనిపించినా ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెంటనే వెళ్లాలి. గుట్కా, సిగరెట్ అలవాటున్నవాళ్లు, 50 దాటినవాళ్లు అసలు ఆలస్యం చేయకూడదు. ఇవేవీ లేకుండా, తింటున్నప్పుడు మాయమై ఖాళీ గుటకకు మాత్రమే తెలిసే ఈ ఉండలాంటి అడ్డును వైద్యులు గ్లోబస్ అంటారు. చాలామందికి జీవితంలో ఎప్పుడో ఒకసారి అనుభవమయ్యేదే.

అన్నవాహిక మొదట్లో, స్వరపేటిక వెనకాల క్రికోఫారింజియస్ అనే చిన్న కండరం ఉంది. నాకు శరీరంలో అన్నిటికంటే ఆశ్చర్యంగా అనిపించే కండరం ఇదే. మిగతావాటిలో చాలావరకు పని పడినప్పుడు బిగుసుకుంటాయి. ఇది పని పడినప్పుడు వదులవుతుంది. మిగిలిన సమయమంతా మూసుకునే ఉంటుంది. లేకపోతే మనం పీల్చే గాలి అన్నవాహికలోకి పోతుంది, కడుపులోది గొంతులోకి వస్తుంది. గుటక వేసినప్పుడు సుమారు అర సెకను తెరుచుకుని మళ్లీ మూసుకుంటుంది. సన్నని గొట్టం పెట్టి దాని ఒత్తిడి కొలిచి చూశారు. మనిషి నిద్రపోతే తగ్గుతుంది, టెన్షన్ పడితే పెరుగుతుంది.

పిడికిలి బిగించి ఐదు నిమిషాలు అలాగే ఉంచండి. చెయ్యి లాగుతుంది, బరువెక్కుతుంది. ఆ చేతిని ఎక్స్‌రే తీస్తే ఏం కనిపిస్తుంది? ఏమీ కనిపించదు. అలాగని నొప్పి అబద్ధమా? గ్లోబస్ ఉన్నవాళ్లలో కొందరి గొంతు అలాంటి పిడికిలే. మరికొందరిలో బిగుతు మామూలుగానే ఉంటుంది గానీ గొంతు నుంచి వచ్చే కబురును మెదడు గట్టిగా వింటుంది. కొందరికి పులితేన్పులు కూడా తోడవుతాయి. పైగా పిడికిలి బిగిసిందని మనకు తెలుసు, విప్పగలం. ఈ కండరానికి మన మాట వినే అలవాటు లేదు.

ఇప్పుడొక ప్రయోగం చేయండి. నీళ్లు తాగకుండా వరసగా గుటకలు వేయండి. మొదటిది సులువు. రెండోది ఫరవాలేదు. మూడోదో నాలుగోదో వచ్చేసరికి గొంతు మొరాయిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న ఎవరికైనా ఇంతే. గుటకను మొదలుపెట్టడం వరకే మన చేతిలో ఉంది. నాలుక ముద్దను వెనక్కి నెట్టగానే గొంతు గోడల్లోని నాడులు మెదడు కాండంలోని మెడుల్లాకు కబురు పంపుతాయి. అక్కడి నాడీకణాల గుంపు ట్రైజెమినల్, ఫేషియల్, గ్లాసోఫారింజియల్, వేగస్, హైపోగ్లాసల్ నాడుల ద్వారా పాతిక జతలకు పైగా కండరాలను వరస తప్పకుండా నడిపిస్తుంది. అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది, శ్వాస ఆగుతుంది, స్వరపేటిక పైకీ ముందుకీ జరుగుతుంది, ఆ లాగుడుకు మన కండరం తెరుచుకుంటుంది. ఇదంతా ఒక్క సెకనులో! కానీ ఆ కబురు పుట్టాలంటే గొంతుకు ఏదో ఒకటి తగలాలి. వరస గుటకలకు నోట్లో ఉమ్మి అయిపోతుంది. భయపడితే ఉమ్మి ఊరడమే తగ్గుతుంది. అప్పుడు వేసే గుటకకు కబురు సరిగా పుట్టక ఏదో అడ్డుపడ్డట్టే ఉంటుంది. ఒక్క గుక్క నీళ్లు తాగి చూడండి, చటుక్కున దిగిపోతాయి.

స్పీచ్ థెరపిస్టులు వాడే ఒక పరీక్షలో 30 సెకన్లలో మూడు ఖాళీ గుటకలు వేయగలిగితే చాలు. మరి రోజంతా పరీక్షించుకునే మనిషి ఎన్ని అడుగుతున్నట్టు? కఫం ఉందనుకుని ఖంగుఖంగుమని సవరించుకుంటే గొంతు ఇంకా రేగుతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. అందుకే మొదటి మందు ఇదే: ఖాళీ గుటక వేయాలనిపించినప్పుడు పక్కన పెట్టుకున్న నీళ్లు ఒక గుక్క తాగండి.

తరాల తరబడి దీన్ని హిస్టీరియా ఖాతాలో వేశారు. గర్భసంచి పైకి లేచి గొంతుకు అడ్డం పడుతుందని పూర్వం నమ్మేవారు. 1707లో జాన్ పర్సెల్ అనే ఇంగ్లిష్ వైద్యుడు మెడ కండరాల బిగుతు గురించి రాసినా ఆ ముద్ర పోలేదు. 1968లో మాల్కమ్‌సన్ అనే వైద్యుడు ఈ రోగుల్లో ఎక్కువమందికి హిస్టీరియా లక్షణాలే లేవని చెప్పి జబ్బు పేరులోంచి ఆ మాట తీసేశారు. ఇవాళ్టికీ మన ఇళ్లల్లో ఆడపిల్ల ముద్ద దిగడం లేదంటే "నాటకాలాడకు" అంటారు, లేదా దిష్టి తీస్తారు. పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారంటూ నెత్తిన తట్టడంలో పెద్ద నష్టం లేదు. బాధపడుతున్న మనిషిని నాటకం అనడంలో ఉంది. మన బడుల్లోనూ జీర్ణవ్యవస్థ పాఠం నోటి నుంచి ఒక్క దూకులో కడుపులోకి వెళ్లిపోతుంది. గుటక గురించి ఒక్క పిరియడ్ చెప్పినా ఈ భయాల్లో సగం పుట్టవని నా నమ్మకం.

పరీక్షల విషయానికొస్తే, డాక్టరు అవసరమన్నవి ఒకసారి చేయించుకోవాలి. రిపోర్టు నార్మల్ అని వస్తే రెండు రోజులు హాయిగా ఉంటుంది, మూడో రోజు "వాళ్లు సరిగా చూశారా?" అనే అనుమానం మొదలవుతుంది. అప్పుడు ఇంకో ఆసుపత్రికి వెళ్తే భయం పోదు, ఊరట కోసం పరుగెత్తడం అలవాటవుతుంది. సీబీటీ అనే, ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మాటల చికిత్స పట్టుకునేది సరిగ్గా ఈ అలవాటునే. అద్దం, టార్చి, లక్షణాల వెతుకులాట ఒక్కొక్కటిగా తగ్గిస్తూ, అనుమానం వచ్చినా పరీక్షించుకోకుండా కాసేపు ఉండగలగడం అందులో నేర్పిస్తారు.

కొందరిలో ఇది ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఒకసారి మాంసం ముక్క అడ్డం పడిందనో, పక్కవాళ్లకు పడితే చూశామనో అన్నం మానేసి జావతో, పాలతో సరిపెట్టుకుంటారు. మింగాలంటేనే భయం. తప్పించుకున్న ప్రతి ముద్దా ఆ భయాన్ని పెంచుతుంది. నీరసం వస్తుంది, బరువు తగ్గుతుంది, ఆ తగ్గడం చూసి క్యాన్సరే అనిపిస్తుంది. వీళ్లు తిరిగి మెట్లు ఎక్కాల్సిందే: జావ తర్వాత మెత్తగా పిసికిన పెరుగన్నం, తర్వాత సాంబారులో నానిన ఇడ్లీ, పప్పన్నం, చివరికి చపాతీ. ఒక మెట్టు మీద భయం సగానికి తగ్గాకే తర్వాతిది. ఒంటరిగా పళ్లెం ముందు కూర్చోవద్దు, నలుగురితో కబుర్లు చెప్పుకుంటూ తినండి. ధ్యాస మాటల్లో ఉంటే మెడుల్లా తన పని తాను చేసుకుంటుంది. రెండు మూడు వారాలు ప్రయత్నించినా జావ దగ్గరే ఆగిపోతే సైకాలజిస్టునో, మింగడంలో శిక్షణ ఇచ్చే స్పీచ్ థెరపిస్టునో కలవాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.