లైనక్స్‌లో ఇంటరప్టుల సర్దుబాటు: అపోహలు - వాస్తవాలు

సర్వర్ నెమ్మదించిందంటే చాలు, ఎక్కడో దొరికిన స్క్రిప్టు తెచ్చి ఇంటరప్టులన్నిటినీ (పని వచ్చిందని పరికరాలు సీపీయూకి పంపే పిలుపులను) తలా ఒక సీపీయూకి కట్టేసేవారు ప్రతి బృందంలోనూ ఒకరుంటారు. స్క్రిప్టు ఏ తప్పూ చూపకుండా నడుస్తుంది, సర్వర్ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. మనం రాసిన అంకెను కెర్నల్ (లైనక్స్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రాం) ఒక్కోసారి తన పద్ధతిలో తీసుకుంటుంది, ఒక్కోసారి అసలు తీసుకోదు. అందుకే రాసినదాన్ని కాదు, జరిగినదాన్ని చూడమంటాను. నేను ఎక్కువగా వినే అపోహలు ఇవి.

అపోహ: ఇంటరప్టు ఏ సీపీయూకి వెళ్లాలో చెప్పే ఎస్‌ఎంపీ అఫినిటీ ఫైలులో 10 రాస్తే అది సీపీయూ 10కి వెళ్తుంది.

వాస్తవం: సీపీయూ 4కి వెళ్తుంది. ఆ ఫైలు అడిగేది హెక్సాడెసిమల్ (16 ఆధారంగా లెక్కించే) మాస్కు, అంటే ఒక్కో బిట్టు ఒక్కో సీపీయూని సూచించే అంకె. అందులో 10 అంటే మన లెక్కలో 16, అంటే కుడి నుంచి ఐదో బిట్టు. సీపీయూలను సున్నా నుంచి లెక్కిస్తారు కాబట్టి అది సీపీయూ 4. సీపీయూ 10 కావాలంటే 400 రాయాలి. సీపీయూలు 32 దాటితే ఎనిమిదేసి అంకెలకు ఒక కామా కూడా వచ్చి చేరుతుంది. ఈ తంటా ఏమీ లేకుండా పక్కనే అదే పేరుకు 'లిస్ట్' అని చేర్చిన ఇంకో ఫైలు ఉంది. అక్కడ 10 అంటే 10.

రాశాక ప్రాక్ డైరెక్టరీలోని ఇంటరప్ట్స్ ఫైలును రెండు మూడు సార్లు తెరిచి, ఆ వరుసలో ఏ సీపీయూ కింద అంకె పెరుగుతోందో చూడండి. అవి బూట్ అయినప్పటి నుంచి పోగైన లెక్కలు. పాత సీపీయూ కింద కోట్లలో అంకె కనబడి కంగారు పెడుతుంది గానీ అది కదలదు. పైగా కొన్ని యంత్రాల్లో మార్పు అమలయ్యేది తర్వాతి ఇంటరప్టు వచ్చినప్పుడే. పరికరం ఖాళీగా ఉంటే అప్పటిదాకా ఏమీ జరగనట్టే ఉంటుంది.

అపోహ: మాస్కులో సీపీయూలన్నీ ఇస్తే ఇంటరప్టులు అన్నిటికీ సమానంగా పడతాయి.

వాస్తవం: ఎక్స్86 యంత్రాల్లో నేటి కెర్నల్ ఆ మాస్కులోంచి ఒక్క సీపీయూనే ఎంచుకుంటుంది. దేన్ని ఎంచుకుందో 'ఎఫెక్టివ్ అఫినిటీ' ఫైలులో ఉంటుంది. నిజంగా పంచాలంటే నెట్‌వర్క్ కార్డుకు క్యూలు (ప్యాకెట్లు వేచి ఉండే వరుసలు) ఎక్కువ ఉండాలి. ఎంఎస్‌ఐ-ఎక్స్ పద్ధతిలో ఒక పరికరం 2048 దాకా ఇంటరప్టులు పెట్టుకోవచ్చు కాబట్టి క్యూకొకటి ఇవ్వడానికి ఇబ్బంది లేదు. ఒకే క్యూ ఉన్న కార్డయితే ఇంటరప్టును చీల్చడం కుదరదు. ప్యాకెట్ల మీద చేసే పనిని మాత్రం, 2010లో 2.6.35 కెర్నల్‌తో వచ్చిన ఆర్‌పీఎస్ ద్వారా మిగతా సీపీయూలకు పంపవచ్చు.

అపోహ: ఇంటరప్టులను సీపీయూలకు తానే సర్దే ఐఆర్‌క్యూబ్యాలెన్స్ ప్రోగ్రాంను ముందు ఆపేయాలి.

వాస్తవం: మామూలు సర్వర్‌లో దాని జోలికి వెళ్లకండి, దాని పని అది బాగానే చేస్తుంది. చిక్కల్లా దాన్ని నడవనిస్తూనే చేత్తో సెట్టింగులు రాయడం దగ్గర వస్తుంది. అది మామూలుగా 10 సెకన్లకోసారి లెక్క చూసుకుని, అవసరమనుకుంటే మీరు రాసినదాన్ని చెరిపి తనది రాస్తుంది. ఆపడమా, మీ ఇంటరప్టులను దాని జాబితాలోంచి తప్పించడమా, ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఎన్‌వీఎంఈ డిస్కుల (వేగవంతమైన ఎస్‌ఎస్‌డీల) కథ వేరు. వాటి క్యూల అఫినిటీని కెర్నలే పట్టుకుని ఉంటుంది. రూట్‌గా రాసినా 'ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్' అంటుంది. ఆ సందేశం చూసి డిస్కు పోయిందని టికెట్ పెట్టినవారున్నారు! డిస్కుకు ఏమీ కాలేదు, కెర్నల్ ఒప్పుకోలేదంతే.

అపోహ: సీపీయూ వాడకం చూపే టాప్ కమాండ్‌లో 'హెచ్‌ఐ' (హార్డ్‌వేర్ ఇంటరప్టుల ఖర్చు) సున్నా చూపిస్తోంది కాబట్టి ఇంటరప్టుల బాధ లేదు.

వాస్తవం: నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది ఇదే. హార్డ్‌వేర్ ఇంటరప్టు హ్యాండ్లర్ చేసేది చాలా తక్కువ. 'పని వచ్చింది' అని గుర్తు పెట్టి తప్పుకుంటుంది. అసలు పని తర్వాత సాఫ్ట్‌ఐఆర్‌క్యూలో (కెర్నల్ వాయిదా వేసుకున్న పనులు చేసే దశలో) జరుగుతుంది, దాని ఖర్చు పక్కనున్న 'ఎస్‌ఐ'లో కనిపిస్తుంది. సగటు చూస్తే అదీ దొరకదు. 32 సీపీయూల యంత్రంలో ఒకటి పూర్తిగా మునిగిపోయినా మొత్తం మీద 3 శాతమే కనబడుతుంది. టాప్‌లో 1 నొక్కి సీపీయూలను విడివిడిగా చూడండి.

ఇలా ఎందుకు విడదీశారో ఒక లెక్కతో తెలుస్తుంది. 10 గిగాబిట్ల లైనులో 64 బైట్ల ప్యాకెట్లు నిండుగా వస్తే సెకనుకు సుమారు 1.488 కోట్లు, అంటే ఒక్కోదానికి దొరికే సమయం 67 నానోసెకన్లు. ప్రతి ప్యాకెట్‌కూ ఒక ఇంటరప్టయితే సీపీయూకి ఇంటరప్టులు తీసుకోవడమే సరిపోతుంది, ఒక్క ప్యాకెట్టూ అప్లికేషన్ దాకా చేరదు. దీన్ని రిసీవ్ లైవ్‌లాక్ అంటారు. మొగల్, రామకృష్ణన్ 1996లోనే దీన్ని వివరంగా రాశారు. లైనక్స్‌లో దీనికి జవాబు నాపీ అనే పద్ధతి. మొదటి ప్యాకెట్‌కు ఇంటరప్టు వస్తుంది, డ్రైవర్ ఆ క్యూ ఇంటరప్టును మూసేసి ప్యాకెట్లను వరుసగా తోడుకుంటుంది, ఖాళీ అయ్యాక మళ్లీ తెరుస్తుంది. పెళ్లి పందిట్లో వచ్చిన ఒక్కొక్కరికీ విడిగా విస్తరి వేయకుండా బంతికి బంతి వడ్డించడం లాంటిది.

నాపీకీ హద్దులున్నాయి. ఒక్కో క్యూకు ఒక విడతలో 64 ప్యాకెట్లు, మొత్తం కలిపి మామూలుగా 300 (దీన్నే బడ్జెట్ అంటారు). సమయానికీ ఒక పరిమితి ఉంది. పని మిగిలి ఉండగానే ఆపాల్సి వచ్చిన ప్రతిసారీ సాఫ్ట్‌నెట్ స్టాట్ ఫైలు మూడో గడిలో ఒకటి పెరుగుతుంది, అదీ హెక్సాడెసిమల్‌లోనే. అది ఆగకుండా పెరుగుతుంటే బడ్జెట్ పెంచి చూడవచ్చు. పెరగకపోతే బడ్జెట్‌ను ముట్టుకుని లాభం లేదు.

అపోహ: కార్డులో ఇంటరప్టు ఆలస్యం (ఇంటరప్టు పంపేముందు కార్డు ఆగే సమయం) సున్నా పెడితే అంతా వేగమే.

వాస్తవం: 50 మైక్రోసెకన్లు పెడితే ఒక క్యూ సెకనుకు 20 వేల ఇంటరప్టులు మించదు. సున్నా పెడితే ఆ కట్టు తెగుతుంది, మధ్యస్థమైన రద్దీలో సీపీయూ వేడెక్కుతుంది. భారీ రద్దీలో ఎలాగూ నాపీ ఇంటరప్టులను మూసే ఉంచుతుంది.

అపోహ: ఒక సీపీయూని పక్కన పెట్టే ఐసోల్‌సీపీయూస్ బూట్ పారామీటర్ ఇస్తే ఆ సీపీయూ జోలికి ఇంటరప్టులు రావు.

వాస్తవం: అది మామూలుగా ఆపేది షెడ్యూలర్ (ఏ పని ఏ సీపీయూలో నడవాలో తేల్చే కెర్నల్ భాగం) అక్కడ ఇతర పనులు సర్దడాన్ని. ఇంటరప్టులను తప్పించడానికి 'ఐఆర్‌క్యూ అఫినిటీ' బూట్ పారామీటర్ విడిగా ఇవ్వాలి.

అపోహ: రియల్‌టైమ్ కెర్నల్ వేస్తే ఇంటరప్టులు వేగంగా తేలతాయి.

వాస్తవం: కెర్నల్‌ను రియల్‌టైమ్‌గా మార్చే ప్రీఎంప్ట్ ఆర్‌టీ 2024లో 6.12తో ప్రధాన కెర్నల్‌లోకి వచ్చినప్పటి నుంచి ఈ మాట ఎక్కువైంది. అది ఇచ్చేది వేగం కాదు, గరిష్ఠ ఆలస్యానికి హద్దు. సగటున సెకనుకు జరిగే పని కొంత తగ్గవచ్చు కూడా. అందులో చాలా హ్యాండ్లర్లు థ్రెడ్లుగా నడుస్తాయి, వాటికి ఫిఫో ప్రాధాన్యం 50 (పెద్ద అంకెదే ముందు వంతు). మీ అప్లికేషన్‌కు 80 ఇచ్చి, అదే సీపీయూలో నిద్రపోకుండా ప్యాకెట్ కోసం చుట్లు తిరగనిస్తే, ఆ ప్యాకెట్‌ను తెచ్చే థ్రెడ్‌కు వంతే రాదు. అప్లికేషన్ కోసం ప్యాకెట్, ప్యాకెట్ కోసం అప్లికేషన్!

థ్రెడ్ ప్రాధాన్యం పెంచడానికి సీహెచ్‌ఆర్‌టీ కమాండ్ చాలు. పీఎస్ కమాండ్‌లో ఆ థ్రెడ్ల పేర్లు ఐఆర్‌క్యూ అని మొదలై, నంబరుతో, పరికరం పేరుతో కనిపిస్తాయి. స్క్రిప్టులో నంబరు రాసి పెట్టుకోకండి, బూట్ బూట్‌కూ అది మారవచ్చు. పరికరం పేరుతోనే వెతికించండి.